ఇస్త్రీ అక్క ఆకాశం

ఆఫీసులో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. ఆమె ఇస్త్రీ చేసేది బట్టలకు కాదు, ఆకాశానికి. చుక్కల మధ్య పరుచుకున్న చల్లటి ధూళి కూడా కాస్త వేడిని వెదజల్లుతుంది. కంటికి కనబడని ఆ పరారుణ కాంతిని పైన తిరిగే ఉపగ్రహం పట్టి, ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా కిందికి పంపేది. ఒక పట్టీ వెలుగు ఎక్కువగా, పక్కది తక్కువగా వచ్చేది. పక్కపక్కన పెడితే సున్నం సరిగ్గా వేయని గోడలా చారలే చారలు. ఆ చారలు చెరిపి అంతా ఒకే పటంగా చెయ్యడం అక్క ఉద్యోగం. ఇంట్లో దుప్పటి మీద ముడత కనబడ్డా ఊరుకునేది కాదు. పాపం, మంచం మీద కూర్చోవడానికి మొగుడు జంకేవాడు.

పటం పూర్తి కావస్తుండగా ఉపగ్రహాన్ని చల్లగా ఉంచే ద్రవం కాస్తా అయిపోయింది. తన ఒంటి వేడే అడ్డంపడి అది గుడ్డిదైపోయింది. ఆకాశంలో సన్నటి ముక్క ఒకటి చూడకుండానే మిగిలింది. డైరెక్టరుగారి గొంతులో వెలక్కాయ పడింది. "సమస్త ఆకాశం" అని బ్యానర్లు అప్పటికే కట్టించేశారు మరి. బ్యానరు మార్చడం కంటే ఆకాశాన్ని మార్చడమే తేలికని ఆయనకు తోచింది. అక్కను పిలిచి, అటూ ఇటూ ఉన్న రంగు లాగి మధ్యలో కలిపెయ్యమన్నారు. పటం కింద పెద్దల సరసన ఆమె పేరు కూడా వేయిస్తానన్నారు.

ఇన్నేళ్లలో ఆమె పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా పడలేదు. అక్క కలిపేసింది. మొగుడు చుట్టాలందరికీ ఫోన్లు చేసి చాటింపు వేశాడు.

ఆవిష్కరణ సభలో పేరుమోసిన ప్రొఫెసరు ఒకాయన లేచి, సరిగ్గా ఆ ముక్క మీదే కర్ర ఆనించాడు. ధూళి ఇంత నున్నగా, ఇంత ప్రశాంతంగా పరుచుకున్న చోటు మొత్తం ఆకాశంలోనే లేదన్నాడు. ముందే తనకు పంపిన పటం చూసి, ఎందుకలా ఉందో చెప్పడానికి ఒక సిద్ధాంతం కూడా సిద్ధం చేసుకొచ్చాడు. రాబోయే ఉపగ్రహాన్ని ముందుగా అటే తిప్పాలన్నాడు. అందరికంటే ముందు డైరెక్టరుగారే చప్పట్లు కొట్టారు. అక్కకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ ప్రశాంతత ఎవరి చేతి మహిమో ఆమెకే తెలుసు.

పటం కిందున్న తన పేరు గుర్తొచ్చి ఒక్క క్షణం వెనకాడింది. తర్వాత లేచి నిలబడింది.

"అక్కడ ఏముందో మనం ఎవరం చూడలేదు సార్. అది నేను పూసిన రంగు."

ప్రొఫెసరు మంచినీళ్లు అడిగాడు. ఇదంతా కింది ఉద్యోగుల అత్యుత్సాహమని చెప్పి డైరెక్టరుగారు చేతులు దులుపుకున్నారు. పటం మళ్లీ అచ్చు వేయించారు. ఆ ముక్కను నల్లగా వదిలేశారు, అక్క పేరు తీసేశారు.

అక్క ఆ కొత్త పటం ఒకటి ఇంటికి తెచ్చింది. మొగుడు కళ్లజోడు పెట్టుకుని, కిందున్న పేర్లన్నీ వేలు పెట్టి వెతికాడు. చుట్టాలకు ఏం చెప్పుకోవాలన్నది అతని దిగులు.

"నీ పేరేదే?"

అక్క అతని వేలు పట్టుకుని నల్ల ముక్క మీద పెట్టింది. "ఇదిగోనండీ."

"ఇక్కడేం లేదుగా?"

"ఉందో లేదో చూడలేదండీ. ఆ మాట చెప్పింది మాత్రం నేనే."