కుందేలు మీదికి బలపం

రాయడం నాకిదే మొదలు. అక్షరాల తప్పులుంటే మీరే సర్దుకోండి. నేను చేసిన ఘనకార్యాన్ని మాత్రం సర్దడం మీ వల్ల కాదు. మా మామ వల్లే కాలేదు. ఒక్క పూటలో ఒక తుపాకిని, ఒక మామని, ఊరందరి కూరకుండల్ని ముంచిన మొనగాడి కథ ఇది. ఆ మొనగాణ్ణి నేనే.

అప్పటికింకా తెల్లదొరల రాజ్యమే. నేను మార్కాపురంలో పలకలు కోసే పనిలో ఉండేవాణ్ణి. కొత్తగా పెళ్లయి, బేస్తవారిపేట దగ్గర అత్తగారి ఊరికి వెళ్లాను. మామ దగ్గర పెద్ద తుపాకి ఉండేది. చేలల్లో పడే అడవిపందుల కోసం లైసెన్సు తీసుకున్నది. మూతిలోంచి మందు పోసి, రేగిపండంత సీసపు గుండు దట్టించి పేల్చాలి. అది తగిలితే ఎంత మొండి పందైనా మారు మాట్లాడకుండా పడిపోయేది.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఊరి చర్చి పాదిరి అయ్యగారు భోజనానికి వస్తున్నారు. "అయ్యగారికి కుందేలు కూర పెడదాం మామా, నేను కొట్టుకొస్తా" అనేశాను. కొత్త అల్లుడి నోరు కదా, తెరిస్తే మూతపడదు.

"తుపాకి పట్టడం వచ్చునా నాయనా?" అన్నాడు మామ.

"పలకలు కోసే చెయ్యి మామా. గీత తప్పదు."

"సరే. తెచ్చినావంటే తుపాకి ఇంక నీదే. తేకపోతే అయ్యగారి ముందర నా తల తీసినట్టే, చూసుకో."

పొద్దున్నే చేను గట్టున కుందేలు కనబడింది. గురి కుదిరింది. ఢాం! పొగ తగ్గాక వెళ్లి చూస్తే రెండు చెవులు, గుప్పెడు బొచ్చు ఉన్నాయి. మిగతా కుందేలు ఏ జిల్లాలో పడిందో ఇప్పటికీ తెలియదు.

అత్త ఆ చెవుల్ని చేటలో పెట్టుకుని చూసింది. "ఇదేంది నాయనా? వీటితో పులుసు పెట్టాల్నా, గుమ్మానికి తోరణం కట్టాల్నా?"

నా భార్య మరియమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"గుండు బరువెక్కువ అత్తా. పందిని కొట్టేదాంతో కుందేలును కొడితే ఇట్లనే అయితాది. తేలికది కావాల."

"తేలికది నా కాడ యాడుంది?" అన్నాడు మామ.

నేను జేబులో చెయ్యి పెట్టాను. మార్కాపురం వాడి జేబులో ఏముంటుంది? బలపం! లావుపాటిది, గుండ్రటిది, గొట్టంలో సరిగ్గా పట్టేది.

"ఇది చూడు మామా. మెత్తంగా తగుల్తాది. కుందేలు కుందేలుగా దొరుకుతాది."

"అట్లయితే మందు గూడా తగ్గించాల గదా అల్లుడా?"

"అదెట్ల మామా? తేలికది గాలికి పక్కకు పోదా? మందు ఇంకాస్త దట్టించాల!"

మామ తల ఊపాడు. చదువుకున్న అల్లుడని గౌరవం. ఐదో తరగతి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన చదువని ఆయనకేం తెలుసు?

వాగు ఒడ్డున ఇంకో కుందేలు దొరికింది. గడ్డి నములుతూ, పిలవని చుట్టాల్ని చూసినట్టు మమ్మల్ని చూసింది. మామ నా పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. మీట నొక్కాను.

తుపాకి నన్ను వెనక్కి తన్నింది, ముందుకు పిండి కక్కింది. బలపం గొట్టంలోనే పొడైపోయింది! తెల్లటి మబ్బు లేచి కాస్త మా మీద, కాస్త కుందేలు మీద వాలింది. మబ్బు విడిపోయాక చూస్తే తుపాకి మూతి ఉమ్మెత్త పువ్వులా విచ్చుకుంది. మామ మీసం, తలపాగా ముగ్గుబుట్టలో ముంచి తీసినట్టున్నాయి. కుందేలు చెవుల నుంచి తోక దాకా పాలలా తెల్లబడి ఒక తుమ్ము తుమ్మింది. తర్వాత ఊరి దారి పట్టింది.

"ఉండాదా అల్లుడా?" మామ కళ్లు తుడుచుకుంటూ అడిగాడు.

"ఉంది మామా. నిక్షేపంగా పరిగెత్తుతా ఉంది."

"అవునులే. నీ అంత తెలివి దానికీ ఉంటే ఈడనే కూర్చునుండేది."

వాగులో ముఖాలు కడుక్కుని ఇల్లు చేరేసరికి అయ్యగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ముందర కందిపప్పు, గోంగూర. ఆయన చూపు పళ్లెం మీద లేనేలేదు.

"దావీదూ, ఏం చెప్పమంటావు!" అన్నారు మామతో. "దారిలో తెల్ల కుందేలు ఎదురొచ్చింది! మల్లెపువ్వే అనుకో! ఈ అడవిలో ఎవురన్నా చూసినారా?"

మామ నా వైపు చూశాడు. నిజం చెబితే అల్లుడి పరువు పోతుంది. ఊరుకుంటే ఏం పోతుందో అప్పటికి ఆయనకు తెలియదు.

"ల్యా... లేదయ్యగారూ."

"చూసినావా! ఇది దేవుడు చూపించిన గుర్తు. ఈ ఊర్లో ఇంక ఎవురూ కుందేలును కొట్టగూడదు, తినగూడదు. రేపు ఆరాధనలో అందరి చేతా మాట ఇప్పిస్తా. తుపాకి గలవాడివి, మొదట నువ్వే ఇయ్యాల."

మామకు కుందేలు కూరంటే ప్రాణం. పళ్లు బిగించి "ఆమెన్" అన్నాడు. ఆ ఆమెన్‌లో నా పేరు నాకు స్పష్టంగా వినబడింది.

ఆ తర్వాత ఆ ఊరి చేలల్లో కుందేళ్లు పెళ్లికొడుకుల్లా తిరిగాయి. నేను ఎప్పుడు వెళ్లినా మామ గుమ్మంలోంచే కేకేసేవాడు: "ఏమేయ్, పప్పు ఉడకెయ్! వేటగాడొచ్చినాడు!"

కాబట్టి, చదివే పెద్దలారా, మీ అందరి ఎదుట కుడిచెయ్యి పైకెత్తి చెబుతున్నాను. ఇక బతికి ఉన్నంత కాలం తుపాకిలో బలపం పెట్టను. కుందేలు ఎదురైతే, రంగు ఏదైనా సరే, చెప్పులు విడిచి, దండం పెట్టి, దారి ఇస్తాను.