బస్సులను మించి పాడిన పిల్ల

నేను బళ్లో చదివిన ఆ రోజుల్లో ఏ సబ్జెక్టు తీసుకోవాలో తేల్చేది ఆసక్తి కాదు, హోంవర్కు. తొమ్మిదో తరగతిలో కంప్యూటరా, సంగీతమా అని అడగ్గానే సంగీతం అనేశాను. (పాటకు నోట్సు ఉండదని నా ధీమా.) అమీర్‌పేటలో టైలర్ షాపు నడిపే మా నాన్న మాత్రం, సందు నిండా కంప్యూటర్ కోచింగ్ బోర్డులుంటే నీకు సంగీతం ఎట్ల కనవడ్డదే అని రెండు రోజులు ఆశ్చర్యపోయాడు.

మా కాపురం ఆ షాపు పైగదిలోనే. కిటికీ కింద తెల్లారకముందే బస్సులు మొదలయ్యేవి. ఆ హారన్ల మధ్య నా సరిగమలు నాకే వినపడక గొంతు పెంచాను, వారం వారం ఇంకాస్త పెంచాను. ఒకరోజు పక్క హాస్టల్లో ఉండే అక్క మెట్లెక్కి వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం, నీ పాటకే లేస్తున్న, ఆరింటికి కాకుండా జర ఐదున్నరకే మొదలుపెట్టరాదా, కోచింగ్‌కు లేటయితున్నది అంది. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. పంజాగుట్టలోని మా బళ్లో పన్నెండు మందిమి కలిసి పాడేవాళ్లం కాబట్టి అక్కడా నాకు లోటు తెలియలేదు. (మిగతా పదకొండు మందీ నా గొంతు చాటున దాక్కున్నారని తర్వాత తెలిసింది.)

పదో తరగతి ప్రాక్టికల్స్‌కు మార్కులు వేయడానికి బయటినుంచి ఒక పెద్దావిడ వచ్చారు. తలుపులు మూసిన చిన్న గది. మా టీచరు శ్రుతిపెట్టె పెట్టారు. నేను దాన్ని పట్టించుకోకుండా అలవాటైన ఎత్తులో గీతం అందుకున్నాను. రెండో వరుసలోనే గొంతు కీచుమని ఆగిపోయింది. దగ్గి మళ్లీ ఎత్తాను, మళ్లీ అక్కడే ఆగింది. ఇందులో తప్పితే నాన్నకు ఏ ముఖం చూపించాలి? కళ్లలో నీళ్లు తిరిగాయి. మా టీచరు గోడకేసి చూస్తున్నారు.

"ఇంత గట్టిగా ఎవరు నేర్పారమ్మా?" అన్నారావిడ.

"ఎవరు నేర్పలే మేడమ్. మా ఇంటికాడ బస్సులు మస్తు పోతయి. గట్టిగ పాడకపోతే నాకే ఇనవడదు."

ఆవిడ నవ్వలేదు. శ్రుతిపెట్టె నా దగ్గరికి జరిపి, "ఇక్కడ బస్సుల్లేవు. నీకు వినపడేంత పాడు చాలు," అన్నారు.

పాడాను, భయంభయంగా, సన్నగా. ఏడాదిన్నర సాధనలో నా గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే. అంత గొప్పగా ఏం లేదు. కానీ వినబుద్ధయింది. పరీక్ష గట్టెక్కాను.

ఇప్పటికీ ఆఫీసుకు నడిచేటప్పుడు ఏదో ఒకటి కూనిరాగం తీస్తుంటాను, పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా. అప్పటి నేను, ఆ రెండు జడల పిల్ల, ఇప్పుడు ఎదురైతే, "గింతేనా అక్కా, జర గట్టిగ పాడు," అని నన్ను తప్పకుండా దబాయిస్తుంది. దబాయించనీ, పాపం. దాని ధైర్యంలో సగం నాకిప్పుడు లేదు.