కిలో లెక్కన సకినాలు

మహబూబాబాద్ డిగ్రీ కాలేజీలో నేను కామర్స్ చెబుతాను. బోర్డు మీద సున్నాలు గీసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణాలు వేసి, వ్యాపారంలో ఏ ఒక్కదాన్ని కదిపినా తక్కినవన్నీ కదులుతాయని గొంతు చించుకుంటాను. సెలవులకు మా అక్క ఇంటికి వెళ్లినప్పుడూ కాగితం మీద అవే గీసుకుంటుంటే తను తొంగిచూసి, "గిది ముగ్గా, సదువా?" అని నవ్వేది.

అక్కది బచ్చన్నపేట దగ్గర పల్లె. అక్కడ ఎవరింట్లో పెళ్లైనా సకినాలు కావాలి. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్లతో పురి తిప్పుతూ బట్ట మీద చుట్లుగా చుట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కబురు పెడితే వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి కూర్చుంటారు. ఈవేళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. కూలి మాటే ఉండదు. చాయ్, బోలెడన్ని ముచ్చట్లు, అంతే. కొత్తకోడలిగా వచ్చిన అక్కకు చుట్టడం నేర్పింది పక్కింటి అవ్వ.

బావ పోయాక అక్క సకినాలు అమ్మడం మొదలుపెట్టింది. జనగామలో ఒక మిఠాయి కొట్టువాళ్లు తీసుకునేవాళ్లు. వాడకట్టువాళ్లు అలవాటు కొద్దీ ఊరికే వచ్చి సాయం పట్టేవాళ్లు. వాళ్ల ఇళ్లలో పనిబడితే అక్క అందరికంటే ముందు వెళ్లేది. తర్వాత భూపాలపల్లి నుంచి కూడా గిరాకీ వచ్చింది, సరుకు చాలలేదు. అప్పుడు అక్క కొత్త పద్ధతి పెట్టింది. చుట్టినవాళ్లకు కిలోకు ఇంత. ఊరికే చేయించుకోవడం సిగ్గుగా ఉందంది. పాపం, అందులో అన్యాయమేమీ లేదు.

నేను వద్దన్నాను. ఇన్నాళ్లూ నీ మొహం చూసి వచ్చారు, ఇకమీదట రేటు చూసి వస్తారు, పత్తి ఏరే రోజుల్లో కూలి ఎక్కువ దొరికితే అటే పోతారు అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. నా నోరు అసలే మంచిది కాదు, మేలు చెప్పినా తిట్టినట్టే ఉంటుంది. నీ బాణాలు నీ కాలేజీలో గీసుకో పొమ్మంది అక్క. మొహం మాడ్చుకుని బస్సెక్కాను.

మొదట్లో అక్కే గెలిచింది. గంపలు గంపలు సరుకు వెళ్లింది. మెల్లగా చేతుల వేగం పెరిగి ముచ్చట్లు తగ్గాయి. ఎవరివి ఎంత తూగాయో ఒకరివొకరు చూసుకోసాగారు. నింపాదిగా చుట్టే అవ్వ తనంతట తనే రావడం మానేసింది. పత్తి పగలగానే తక్కినవాళ్లు చేలకు వెళ్లిపోయారు. అక్క కూలి పెంచింది, కొట్టువాళ్లు ధర పెంచలేదు. సరుకు అందక భూపాలపల్లి గిరాకీ కాస్తా జారిపోయింది. అంతా నేనన్నట్టే జరిగింది. అక్క దిగాలుగా కూర్చుంది. నా మాట తప్పైనా బాగుండేది అనుకున్నాను. ఉన్న జనగామ కొట్టుతోనే నెట్టుకొద్దామని సర్దిచెప్పాను.

మొన్న ఎండాకాలం అవ్వ మనవరాలికి పెళ్లి కుదిరింది. అక్క ఎత్తుకుని తిప్పిన పిల్ల. పిండి ఎప్పుడు పట్టిస్తారో, మొదటి సకినం తనే చుట్టాలని అక్క రోజూ ఆ ఇంటివైపు చూసేది. సెలవులని నేనూ అక్కడే ఉన్నాను. ఒక పొద్దున అవ్వ వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, పెళ్లికి సకినాలు కావాలి, అడ్వాన్సు ఇచ్చిపోదామని వచ్చానంది.

అక్క చేతిలో పని వదిలేసి గుమ్మం దగ్గరికి వచ్చింది. "అడ్వాన్సేంది అవ్వా? నేనొచ్చి చుట్టనా?"

అవ్వ గొంతులో కోపం లేదు. "నిన్నెట్ల పిలుస్త బిడ్డా? నీ కూలి మేం ఇయ్యగల్గుతమా?"

నాకు కూలి వద్దు, ఊరికే వస్తానని అక్క బతిమాలింది. ఇప్పుడు ఎవరూ ఎవరింటికీ ఊరికే పోవడం లేదు, నిన్నొక్కదాన్నే కూర్చోబెట్టుకుని ఏం చెయ్యను అంది అవ్వ. నోట్లు గడప మీద పెట్టి, గాలికి పోకుండా పైన అక్కడున్న చెంబు పెట్టి వెళ్లిపోయింది.

అక్క చాలాసేపు ఆ డబ్బు ముట్టుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు, తనకు మాత్రం కన్నీళ్లు కూడా రాలేదు. చివరికి లేచి, గిరాకీవాళ్ల సరుకు, మంచిగా చెయ్యాలి అని బియ్యం నానబోసింది.