కైలాసం చేతిలోని నాడె

సిరిసిల్ల కైలాసానికి నేత తప్ప వేరే విద్య రాదు. మగ్గం ముందు కూర్చుని కుడిచేత్తో నాడె విసిరితే, అది పోగును మోసుకుంటూ ఆ అంచు నుంచి ఈ అంచుకు పరుగెత్తేది. పంతొమ్మిది వందల యాభై ఏడులో ఎడ్లబండి మీంచి పడి ఆ చెయ్యే విరగ్గొట్టుకున్నాడు. ఆ దేవుడికి ఎడమచెయ్యి కనబడలేదు కాబోలు!

కరీంనగర్ దవాఖానలో డాక్టరు శ్రీధర్‌రావు ముంజేతికి సిమెంటు కట్టు వేశాడు. మాటకారి మనిషి.

"ఇరిగిన బొక్క పేరు రేడియస్. లాటిన్ మాట. బండి గిర్రల నడిమి నుంచి అంచుకు పోయె ఆకును గట్లనే అంటరు. ఎన్కట గా దేశంల సాలోళ్ల నాడెను గూడ గట్లనే అన్నరు."

"మా నాడె పేరా సారూ?" కైలాసం మొహం నొప్పిలో కూడా వెలిగింది.

"అవ్. గది తిరిగితెనే నీ అరచెయ్యి మీదికి తిరుగుతది. ఆరు వారాలు కట్టు ముట్టకు. ముందుగాల తీస్తే వంకర అతుకుతది."

మూడో వారంలో తల్లి కిష్టవ్వ మంచం పట్టింది. చూపు ఎప్పుడో పోయింది. ఆమెది ఒక్కటే కోరిక. "కొడుకా, కొన్న బట్ట కప్పి నన్ను పంపకు. నీ చేతి బట్టనే కప్పు." నేసిందంతా అంగడికే పోయేది, ఇంట్లో మూరెడు గుడ్డ లేదు.

"నేను నేస్త," అంది భార్య బాలలక్ష్మి. "అవ్వకు కండ్లు అవుపడయి. ఎరుక గాదు."

"నాకు ఎరుకయితది గద," అన్నాడు కైలాసం.

ఆమె కాళ్లావేళ్లా పడినా వినకుండా కట్టు పగలగొట్టాడు. పండ్లు బిగబట్టి మూడు రోజులు నేశాడు. మగ్గం చప్పుడు విని ముసలామె, "కట్టు ఇప్పిండ్రా కొడుకా?" అంది.

"ఇప్పిండ్రవ్వా."

నిజం చెబితే ఆ తల్లే వద్దనేది. చెప్పేవాడేడీ! నాలుగో రోజు ఆమె నిశ్చింతగా కన్నుమూసింది. ఆ తెల్లబట్ట కప్పే పాడె ఎత్తారు.

ఎముక డాక్టరు చెప్పినట్టే అతికింది. అరచెయ్యి ఎప్పుడూ నేలకేసి చూసేది. నాడె విసిరితే సగంలో ఆగేది. ఆడవాళ్లతో కూర్చుని ఎడమచేత్తో నూలు కండెలు చుట్టుకుంటూ బతికాడు.

తల్లి సంవత్సరీకానికి ధర్మపురి గోదారిలో దిగాడు. అయ్యగారు కుడి అరచెయ్యి వెల్లకిలా పట్టమని, తల్లి పేరు చెప్పి నీళ్లు వదలమన్నాడు. చెయ్యి తిరిగితేగా! చెంబుతో పోసిన నీళ్లు మణికట్టు మీంచే జారిపోయాయి. మళ్లీ పోశారు. మళ్లీ జారిపోయాయి. బాలలక్ష్మి నీళ్లలోకి దిగి తన అరచెయ్యి కింద పట్టబోయింది.

"కొడుకే ఇడువాలె," అన్నాడు అయ్యగారు.

కైలాసం ఆ వంకర చేతిని ఎడమచేత్తో పట్టి మెలిపెట్టాడు. తిరగలేదు. "నీళ్లు అందక అవ్వకు దూప అయితదే, బాలలక్ష్మీ," అంటూ నడుంలోతు నీళ్లలో నిలబడి పసివాడిలా ఏడ్చాడు.