వాలుతాడి కల్లు

ఈ వేసవి మొదట్లో మా చెల్లెలి కొడుకు నన్ను రాజమండ్రిలో కంటి డాక్టరుకి చూపించి, తిరిగి వస్తూ దారిలో ఒక కొత్త మేడ ముందు కారు ఆపి, పెద్దమ్మా కాసేపు కూర్చో, సాయంత్రం బీరుకి టోకెన్ తీసుకుని ఇప్పుడే వచ్చేస్తానని దిగి వెళ్ళాడు. అక్కడ బీరు వాళ్ళే సొంతంగా తయారుచేసి అమ్ముతారట. మామిడిపండు కలిపి చేసిన కొత్త రకం ఆ వారమే దింపారట, అయిపోతే మళ్ళీ చెయ్యరట. ఎండలో గేటు బయట వరసకట్టిన ఆ కుర్రాళ్ళు, తమ వంతు వచ్చేసరికి ఉంటుందో ఉండదో అన్నట్టు మునివేళ్ళ మీద లేచి లోపలికి చూడటం గమనిస్తుంటే నాకు మొదట నవ్వొచ్చింది. ఆ తరవాత ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. డాక్టరు వేసిన మందు వల్లేనని వాడితో అన్నాను.

నేను కల్లుగీత ఇంట్లో పుట్టాను. మాది పిఠాపురానికీ ఉప్పాడకీ మధ్య, సముద్రపు పోటుకి ఉప్పునీరు కాలవలోకి ఎగదన్నే చోట ఉన్న చిన్న ఊరు. కాలవగట్టు మీద తాటిచెట్ల వరస ఉండేది, ఆ తాళ్ళన్నిటినీ నాన్నే గీసేవాడు. అన్నిటికన్నా చివర నీళ్ళ మీదకి ఒరిగిన, కాయలు కాయని పోతుతాడి ఒకటి ఉండేది. దాన్ని అందరూ వాలుతాడి అనేవారు. ఆ చెట్టు ఏడాదిలో శివరాత్రి దాటాక కొద్ది వారాలే పారేది, పారినా రోజుకి ఒక చిన్న మట్టి లొట్టెడు కల్లు పడితే గొప్ప. కానీ ఆ రుచి మరే చెట్టుకీ లేదు. ముందు తియ్యగా తగిలి, గొంతు దిగాక నాలుక చివర సన్నటి ఉప్పదనం మిగిల్చేదట. ఆడపిల్లని కనక నాకు తాగే యోగం లేదుగానీ, లొట్టి దించగానే వచ్చే ఆ వాసన మాత్రం ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు.

ఆ వారాల్లో తెల్లవారేసరికి చెట్టు కింద జనం చేరేవారు. పిఠాపురం నుంచి సైకిలు తొక్కుకుంటూ ఒక రిటైరైన మాస్టారు, వేట నుంచి ఒడ్డుకొచ్చి బట్టలు ఆరకుండానే నడిచొచ్చే ఉప్పాడ బెస్తలు, పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించే పక్కూరి ఆయన, వీళ్ళు ఏ ఏడూ తప్పేవారు కాదు. ఆ సన్నాయి ఆయన్ని మేము మావయ్యా అని పిలిచేవాళ్ళం. నాన్న నడుముకి మోకు బిగించి పైకి పోతుంటే మాటలన్నీ ఆగిపోయేవి. దిగాక తలా ఒక తాటాకు దొప్పలో సమంగా పోసేవాడు. అడిగినవాడికీ అంతే, అడగనివాడికీ అంతే. ఒకసారి ఒక పెద్ద రైతు లొట్టి మొత్తం ఇంటికి పంపించమని పాలేరుతో కబురు పెడితే నాన్న చేతులు కట్టుకుని, "ఇంటికెళ్ళేసరికి ఇది ఈ కల్లుగా ఉండదండి. అయ్యగార్నే ఓసారి చెట్టు కిందకి రమ్మనండి" అన్నాడు. ఆయన నిజంగానే వచ్చి, బెస్తల పక్కనే గట్టు మీద కూర్చుని తాగి వెళ్ళాడు.

నేను నర్సు ట్రైనింగులో ఉన్న ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. గాలి తగ్గాక నేను ఇల్లు చేరేసరికి గట్టు మీద తాళ్ళు తలలు విరిగి మొండి స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. వాలుతాడి మొదలంటా లేచిపోయి కాలవకి అడ్డంగా పడి ఉంది. నాన్న దాని మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ అన్నానికి పిలిచినా, నేను వెళ్ళి పిలిచినా లేవలేదు.

శివరాత్రి వెళ్ళింది. ఒకరోజు పొద్దున్నే సైకిలు బెల్లు వినిపించి బయటికి వస్తే మాస్టారు. వెనకాల బెస్తలు, సన్నాయి మావయ్య. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదట, ఎవరికి వారే వచ్చారు. వాళ్ళని చూడలేక నాన్న దొడ్లోకి వెళ్ళిపోయాడు. మాస్టారు అక్కడికే వెళ్ళి, "కల్లు కోసం కాదయ్యా. నిన్ను చూసి పోదామని వచ్చాం, రా" అని భుజం పట్టుకుని తీసుకొచ్చారు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, నీడ లేని ఆ గట్టు మీద అందరూ ఎండెక్కేదాకా కూర్చున్నారు. చెట్టు మాట ఒక్కరూ ఎత్తలేదు.

తరవాత పొట్ట గడవడానికి నాన్న పిఠాపురంలో ఒక బ్రాందీషాపు దగ్గర వాచ్‌మేన్‌గా చేరాడు. ఆయన్ని అక్కడ ఖాకీ చొక్కాలో చూసి, కల్లుకి అలవాటుపడ్డ పాతవాళ్ళు మొహం చాటేసి ఎదురు పేవ్‌మెంటు మీదుగా వెళ్ళిపోయేవారట, ఇంకెవరిచేతో సీసా తెప్పించుకునేవారట. అదే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. సన్నాయి మావయ్య మాత్రం దాచుకునే స్థితి దాటిపోయాడు. పెళ్ళిళ్ళలో బ్యాండు మేళాలొచ్చి ఆయన్ని పిలిచేవారు తగ్గారు, కల్లు పోయాక పట్టిన చవక బ్రాందీ ఒంటిని తినేసింది. ఒక మధ్యాహ్నం షాపు మెట్ల మీద పడి ఉన్న ఆయన్ని నాన్న రిక్షా ఎక్కించి మా ఇంటికి తీసుకొచ్చాడు. నేను నాడి చూశాను, చెయ్యగలిగింది పెద్దగా లేదు. తెలివొచ్చాక ఆయన నాన్న చెయ్యి పట్టుకుని, "నీ కల్లు ఉండుంటే నాకీ గతి పట్టేది కాదు బావా" అన్నాడు. అది నిజమో కాదో నర్సుగా నేను చెప్పలేను. నాన్న మాత్రం నిజమనే నమ్మాడు. వానలు మొదలవకముందే మావయ్య పోయాడు. దినకర్మలు అయిన మర్నాడు నాన్న ఖాకీ చొక్కా తిరిగి ఇచ్చేసి వచ్చాడు.

ఆ భాద్రపదంలో ఎక్కడెక్కడి తాటిటెంకలో గోనెసంచీల్లో మోసుకొచ్చి గట్టు పొడుగునా పాతాడు. చూడటానికొచ్చిన మాస్టారు, ఇవి పారేనాటికి నీ వయసెంతవుతుందయ్యా అని అడిగితే, "నేను కాకపోతే ఇంకొకడు గీస్తాడండి, చెట్టంటూ ఉంటే మనిషి రాడాండీ" అన్నాడు. టెంకలు మొలిచి, ఆకులు మోకాలెత్తు రావడం చూశాడు. అంతకుమించి చూడలేదు.

ఇప్పుడా చెట్లు ఆకాశాన్ని అంటుతున్నాయి. పక్క పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాయి, గట్టు మాత్రం ఉంది. మా తమ్ముడు కాకినాడలో ఆటోల మెకానిక్కు, వాడి పిల్లలకి మోకు అంటే ఏమిటో చెప్పాలి. ఊళ్ళో చెట్టెక్కే చివరి మనిషి కూడా మోకాళ్ళ నొప్పులతో మంచం దిగటం లేదు. నేను వెళ్ళినప్పుడల్లా గట్టు మీద కాసేపు నిలబడతాను. ఏటేటా గెలలు వస్తాయి, కల్లు గీసే కత్తి తగలకుండానే ఎండి రాలిపోతాయి. నాన్న పెంచిన ఆ తాళ్ళలో ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో ఇంతవరకూ ఎవరూ రుచి చూడలేదు.