యుద్ధకథలో చీపురు

గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజులవి. అల్లవరం దగ్గర జాలరి ఆడవాళ్లకు నేనల్లిన యుద్ధకథ చదివి వినిపిస్తున్నాను. యుద్ధం నేనూ చూడలేదు, వాళ్లూ చూడలేదు. కథలో తలలు తెగిపడుతుంటే తాపీగా వక్కలు నములుతున్నారు.

“వీరుడు మళ్లీ యుద్ధానికి బయల్దేరగానే భార్య ఇల్లు ఊడ్చింది” అని చదివాను.

మొగుడు సముద్రం మీద వేటకెళ్లిన మంగమ్మ దిగ్గున లేచింది.

“ఆపండి పంతులుగారండీ! మనిషి గడప దాటగానే ఇల్లు ఊడ్చేత్తారాండీ? ఇంకా తిరిగొత్తాడాండీ?”

“ఆయ్, ముందా చీపురు దింపించండి” అంది పక్కావిడ.

దింపించాను. కత్తులకు చలించనివాళ్లు చీపురుకు హడలిపోయారు.

నేను తాటాకుల మీద రాసుకున్న కథలో ఆ వీరుడు చచ్చిపోతాడు. మంగమ్మ మొగుడి పడవ ఇంకా ఒడ్డుకు రాలేదు. అందుకని ఆ సాయంత్రం కథలో వీరుణ్ణి ప్రాణాలతో ఇంటికి తెచ్చేశాను.