నాయన పెరికిన తుంగ

మా నాయనకు రెండు గిట్టవు. ఒకటి పడుగులో తెగిన పోగు, రెండోది మడిలో మొలిచిన తుంగ.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. ఊరి చివర కాబట్టి ఇంటి వెనకాల నాలుగు మళ్ల నేల, ఒక చేదబావి ఉండేవి. నాయన పొద్దున్నే అక్కడ వంకాయలూ కొత్తిమీరా చూసుకుని, ఆ తర్వాతే మగ్గం గుంటలో దిగేవాడు. నేను బడికి పోలేదు. ఆ గుంట గట్టున కూర్చుని నాయన చెప్పిన అక్షరాలే దిద్దుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. అందులో కొంత ఆయన మీద నవ్వడానికి వాడుకుంటున్నాను, ఆయన ఏమీ అనుకోడు.

తుంగ చూడని రైతు ఉండడు. తడి తగిలితే చాలు, మూడు పలకల కాడతో లేస్తుంది. పైన పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది. ఆ గడ్డ నుంచి దారంలాంటి వేరు, దాని కొసన ఇంకో గడ్డ, మళ్లీ దారం, మళ్లీ గడ్డ. సేద్యం చేసేవాళ్లు పారతో నరుకుతారు. నరికిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. మా నాయన నేతగాడు కాబట్టి ఆయనకు అది కలుపులా కాక చిక్కుపడిన పోగులా కనిపించింది. ఇనుప పుల్లతో మట్టి కదిలిస్తూ, వేరు తెగకుండా ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డకు పోయేవాడు. మూరెడు దండ తెగకుండా వస్తే, నేసిన కొంగు చూపినట్టు ఎత్తి పట్టుకుని మాకు చూపించేవాడు. మిగిలిన మట్టిని అవ్వ పిండి జల్లెడతో జల్లించేవాడు. ఆ జల్లెడ మళ్లీ పిండి మొహం చూడలేదు. నాలుగేళ్లు పట్టింది కానీ, ఐదో ఏటికి మా పెరట్లో తుంగ లేదు.

అవ్వ అంటే నాయన తల్లి. అమ్మ నా చిన్నప్పుడే పోతే, నన్ను పెంచింది ఆమే. తుంగ గడ్డ మీద ఆమెకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. జ్వరమొస్తే తుంగ గడ్డా శొంఠీ వేసి కషాయం. విరేచనాలైతే కాల్చిన గడ్డ పొడి మజ్జిగలో. తలంటుకు సీకాయతో కలిపి. పట్టు చీరల పెట్టెలో ఎండు గడ్డల మూట, పురుగు చేరకుండా. మా ఇంటి చీరలకు ఒక వాసన ఉండేది, తడి మట్టిలో కర్పూరం పడినట్టు. అవ్వ లెక్కలో రోగాలు రెండే రకాలు: తుంగతో పోయేవి, తుంగ చాలక పోనివి.

"పెరికితే పెరికినావు, ఒక మూల వదిలి పెట్టు రా," అనేది.

"ఒక మూల వదిలితే నాలుగు మూలలకూ వస్తాది అమ్మా," అనేవాడు నాయన.

అవ్వకు చెవులు సరిగా వినపడవు. ఆ జవాబు ఆమెకు ఒక్కసారీ వినపడలేదు. రోజూ అదే అడిగేది.

మా పెరటి గట్టుకు అవతల ఒక రైతు తోట ఉండేది. ఆయనకు పెద్ద బావి, నీళ్లకు కొదవ లేదు, తుంగకూ కొదవ లేదు. అది మావైపు రాకుండా నాయన గట్టు పొడుగునా కాలువ తీసి బండలు పాతాడు. అంతటితో ఆగినా బాగుండేది. టీ అంగట్లో నలుగురి ముందర, "ఆయన పండించేది తుంగ. వంకాయ చెట్లు మధ్యలో కలుపు మాదిరి లేస్తాండాయి," అన్నాడు. నాయన టీ తాగి ఇల్లు చేరేలోపలే ఆ మాట తోట చేరింది. ఆ తర్వాత ఏడాది పాటు ఇద్దరూ గట్టుకు అటూ ఇటూ నిలబడి కూడా చూసుకోలేదు.

నేను మొదటి కాన్పుకు పుట్టింటికొచ్చింది ఆ ఏడాదే. వానలు లేవు. ఆడపిల్ల పుట్టింది. నాలుగో రోజుకూ నాకు పాలు సరిగా పడలేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి పిల్లి కూనలా మూలగసాగింది. ఆస్పత్రి నర్సమ్మ వచ్చి చూసి, "ఊరికే రొమ్ముకు పెడతా ఉండు, నీళ్లు బాగా తాగు, రెండు రోజుల్లో పడకపోతే తీసుకొని రండి," అని చెప్పి పోయింది. అవ్వ ఆమె మాట విని తల ఊపి, నాయన వైపు తిరిగింది.

"తుంగ గడ్డ నూరి రొమ్ముకు పట్టు వేయాల. పెట్టెలో ఎండినవి పనికి రావు. పచ్చివి తే."

నాయన పార తీసుకుని పెరట్లోకి పోయాడు. తను నాలుగేళ్లు జల్లించిన నేలను తనే తవ్వి చూశాడు. ఒక్క గడ్డ లేదు. ఆయన పని అంత శుభ్రంగా ఉంటుంది. ఊరవతల వాన నీళ్లు పారే వంక గట్టుకు పోయాడు. నీళ్లు లేక పైన ఆకంతా మాడిపోయింది, గడ్డ యాడుందో నేల చెప్పదు. తిరిగొచ్చి పెరటి గట్టు మీద కూర్చున్నాడు. లోపల బిడ్డ మూలిగింది. లేచి, తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేత్తో పట్టుకుని, అవతలికి దిగాడు.

నా మంచం పెరటి వాకిలి పక్కనే. ప్రతి మాటా వినపడింది.

"ఏమన్నా, బాగుండావా?"

"ఉండా. ఏమప్పా, దావ తప్పి ఇట్లా వస్తివా?"

"కొంచెం తుంగ కావాల."

వాళ్ల బావిలో చేద చప్పుడు ఆగిపోయింది.

"ఏం కావాల? నాకు వినపడలే."

"తుంగన్నా."

"గట్టిగా చెప్పు. మా ఆడోళ్లు గూడా ఇంటారు."

"తుంగ," అన్నాడు నాయన, వీధికి వినపడేటట్టు. "బిడ్డకు పాలు లేవు. అమ్మ పచ్చి గడ్డ కావాలంటాంది."

ఆ రైతు గొంతు మారింది. "ఆ మాట ముందే చెప్పకూడదా? పెరుక్కోప్పా. ఎంత కావాల్నో అంత. నా పంట అదొకటే గదా."

అవ్వ అడిగింది ఒక దోసెడు. నాయన దోసెడు తీసి, నా చేతికందేటట్టు వాకిట్లో పెట్టి, మళ్లీ వెళ్లాడు. సగం లాగిన వేరు ఒకటి మట్టిలో వదిలేసి వచ్చాడట. అది లాగితే ఇంకోటి కనిపించింది. మధ్యాహ్నం కూటికి పిలిస్తే, "ఈ కొస పట్టుకోనీ," అన్నాడు. ఆ రైతు గట్టు మీద బీడీ కాలుస్తూ చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి మడి నున్నగా అయింది.

మర్నాడు పొద్దున గట్టు అవతల నుంచి పిలుపు. "ఏమప్పా, బిడ్డకు పాలు చాలుతాండాయా? మూల మడిలో ఇంగా లావు గడ్డలుండాయి."

ఇట్లా ఇరవై రోజులు, పొద్దున నుంచి పొద్దు గూకేదాకా. మగ్గం మీది చీర అట్లే ఉండిపోయింది. ఆయన తోటంతా మా పెరడులా తయారైంది.

ఇటు అవ్వ రోజూ గడ్డలు నూరి, చల్లటి ముద్ద పట్టు వేసి, ఆరాక కడిగి, బిడ్డను పెట్టించేది. కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. నర్సమ్మ చెప్పినట్టు చెంబులు చెంబులు నీళ్లు తాగించింది. రెండో రోజు రాత్రికి పాలు పడ్డాయి. బిడ్డ గుటకలు వేస్తుంటే అవ్వ వినపడని చెవిని దగ్గరగా పెట్టి, "తాగుతాంది," అంది. ఏది పని చేసిందో నాకు తెలియదు. స్వామికీ, నర్సమ్మకూ, తుంగకూ ముగ్గురికీ దండం పెట్టుకున్నాను. ఎవరినీ వదలడానికి ధైర్యం చాలలేదు.

చివరి రోజు నాయన ఒక పాత కుండలో మట్టి పోసి రెండు గడ్డలు నాటాడు. కుండ కింద బండ పెట్టాడు, వేరు నేలకు దిగకుండా.

మరుసటి ఏడు బిడ్డను తీసుకుని పుట్టింటికి పోయాను. నాయన మగ్గం మీద, పేక పోగును బిగించే పలక దెబ్బకు తగ్గట్టు ఏదో గొణుగుతున్నాడు. చెవి పెట్టి విన్నాను. "ఏం కావాల? నాకు వినపడలే. ఏం కావాల? నాకు వినపడలే." పక్క తోట రైతు కోడలికి నెలలు నిండాయని అప్పుడు తెలిసింది.

నేనున్నప్పుడే ఆ రైతు వచ్చాడు, తువ్వాలు చేత్తో పట్టుకుని. గట్టు అవతల తుంగ లేదు. అది ఎవరి పనో ఇద్దరికీ తెలుసు. నాయన గుంటలోంచి లేచి నిలబడ్డాడు. ఏడాది సాధన చేసిన మాట నోటిదాకా వచ్చింది. వచ్చినాయన ముఖం చూసి మింగేశాడు.

"కోడలు పిల్ల ఎట్లుండాది?" అన్నాడు.

"కాన్పయింది, బాగుండాది. బిడ్డకే పాలు లేవు. అందుకని..."

లోపల నుంచి అవ్వ కేక వేసింది. "ఏం కావాలంట రా? నాకు వినపడలే."

ఆ రైతు నాయన వైపు చూశాడు. నాయన గోడ వైపు చూశాడు.

"తుంగ అవ్వా," అన్నాడు రైతు.

"గట్టిగా చెప్పప్పా."

"తుంగ!"

ఎదురింట్లో మగ్గం ఆగింది. అవ్వకు ఆ రోజు నిజంగా వినపడలేదో, వినపడిందో, నేను అడగలేదు. పెద్దవాళ్లను అడగకూడనివి కొన్నుంటాయి.

నాయన కుండను గోనె మీద బోర్లించి, దాని ముందు కూర్చున్నాడు. ఏడాదిలో వేళ్లు కుండంతా చుట్టుకుపోయాయి. తల ఎత్తకుండా ఒక్కో చిక్కూ తీశాడు. నవ్వు ఆపుకుంటుంటే భుజాలు మాత్రం కదులుతున్నాయి. కాసేపటికి అవతలి ఆయన కూడా ఎదురుగా చతికిలబడి, దండ రెండో కొస పట్టుకున్నాడు.

"మెల్లగా అన్నా," అన్నాడు నాయన. "తెగితే మళ్లా మొలుస్తాది."

"మొలవనీప్పా," అన్నాడాయన.